పనసపొట్టు సాక్ష్యం

ఫర్వానియా, కువైట్
9 జూన్ 2024

దుర్గకి తాతాజీ రాసేది,

ఇక్కడ నేను బాగానే ఉన్నాను, ఎండే బాగోలేదు. ఈ ఉత్తరం మన నాగదుర్గాప్రసాద్ సెలవు మీద వస్తుంటే అతని చేతికిచ్చేను. పొద్దున్నేగా ఫోనులో మాట్లాడుకున్నాం, మళ్ళీ ఈ కాగితం ఏమిటనుకోకు. ఈ గదిలో ఎనిమిది మందిమి ఉంటాం. అక్కడ నువ్వు ఫోనెత్తగానే మా అమ్మ స్పీకరు నొక్కుతుంది. ఈ సంగతి వీళ్ళ చెవినా పడకూడదు, ఆవిడ చెవినా పడకూడదు.

ఇళ్ళల్లో కారు నడిపే పని వదిలేసి ఒక కంపెనీ బస్సు నడిపే పనిలో చేరేలా ఉన్నాను. పన్నెండేళ్ళలో నేను ఇంటికొచ్చింది నాలుగుసార్లు. ఈ కంపెనీవాళ్ళు ఏడాదికో నెల సెలవిస్తారు. అలాగైతే మన పిల్ల ప్రియాంక నన్ను చూసి తలుపు వెనక దాక్కోవడం మానేస్తుంది.

అయితే పోలీసు క్లియరెన్సు కావాలన్నారు. అర్జీ పెట్టేను. 2009లో నా మీద హత్యాయత్నం కేసు ఉందనీ, అది ఏమైందో తమకి తెలియదనీ ఎంబసీవాళ్ళు కోర్టు తీర్పు సర్టిఫైడు నకలు తెమ్మన్నారు. సెప్టెంబరు ముప్పైలోగా ఇవ్వకపోతే ఆ పని ఇంకొకళ్ళకి పోతుంది. ఇక్కడ ఉండడానికిచ్చే నా అకామా కూడా ఆ రోజుతో అయిపోతుంది. ఇప్పటి యజమాని మళ్ళీ రాయనని చెప్పేశాడు. ఇక పెట్టె సర్దుకోవడమే.

పెళ్ళిచూపుల్లో మీ నాన్నగారికి చెప్పేము కదా, కొబ్బరి కొట్టు దగ్గర గొడవలో ఒకడిని పొడిస్తే ముద్దాయిలని పట్టుకున్న నలుగురిలో నా పేరూ కలిపేరని, కోర్టు నన్ను వదిలేసిందని. అదే కేసు. నెంబరు గుర్తులేదు. మా వకీలు గారు పోయేరు. ఆయన ఆఫీసు అమలాపురం కోర్టు ఎదురు సందులో ఉంది, జూనియరు నడుపుతున్నారు. అక్కడ అడుగు. ఎవరికీ చెప్పకు. ఒక్కదానివీ వెళ్ళకు.

తాతాజీ


మలికిపురం
30 జూన్ 2024

శ్రీవారికి దుర్గ రాయునది,

ఎవరికీ చెప్పొద్దంటారు, ఒక్కదాన్నీ వెళ్ళొద్దంటారు. రెండూ ఎలా కుదురుతాయో నాకు తెలియలేదు. అత్తయ్య గారితో ఆధార్ పనని చెప్పి నేనొక్కదాన్నే వెళ్ళేను. దానికి మీరు కోపం తెచ్చుకుంటారని తెలుసు, తెచ్చుకోండి.

కోర్టులో నకళ్ళ కౌంటరు దగ్గర ఆయన చాలా మర్యాదగానే ఉన్నారు. "నెంబరు లేకుండా ఎలాగమ్మా, ఆ ఏడాది కట్టలన్నీ విప్పాలి కదండీ" అన్నారు. ఫోనులో కూడా వెతుక్కోవచ్చని చెబితే అక్కడే బల్ల మీద కూర్చుని మీ పేరు కొట్టేను. 2009 కొట్టేను, 2010 కొట్టేను. మీరు ఎక్కడా లేరు. ఒక్క క్షణం సంతోషమేసింది, అసలు కేసే లేదేమోనని.

తర్వాత వకీలు గారి ఆఫీసుకి వెళ్ళేను. అక్కడ గుమాస్తా కొండబాబు గారని ఉన్నారు. ఎంత మంచి మనిషో చెప్పలేను. నా మాట అంతా విని, "మీ ఆయన ఎన్నో ముద్దాయమ్మా?" అన్నారు. నాకేం తెలుసు. "రెండో వారో మూడో వారో అయితే ఆయన పేరుతో దొరకదండి. కేసు ఒకటో ముద్దాయి పేరు మీద ఉంటుంది, మిగతావాళ్ళు 'మరి ముగ్గురు' కింద పోతారు" అన్నారు. పొడిచినవాడి పేరు పెళ్ళిచూపుల్లో విన్నది గుర్తుంది, అది కొడితే వెంటనే వచ్చింది. సెషన్స్ కేసు, తీర్పు 2012 జులైలో. మీరు ఆ మరి ముగ్గురిలో మొదటివారు, అంటే రెండో ముద్దాయి.

నెంబరుతో మళ్ళీ కౌంటరుకి వెళితే "ఈ కేసులో మీరెవరండీ?" అన్నారు. రెండో ముద్దాయి భార్యనండి అన్నాను. "అయితే మూడో పక్షం కింద వస్తారమ్మా. ఎందుకు కావాలో అఫిడవిట్టు పెట్టాలి" అన్నారు. పదకొండేళ్ళు మీతో కాపురం చేసి మూడో పక్షం అయ్యేను, చూడండి. కొండబాబు గారే రాసిపెట్టేరు. కారణం అన్నచోట 'భర్త విదేశీ ఉద్యోగ నిమిత్తం' అని రాసేరు, సంతకం పెట్టేను. టీ ఇప్పించేరు. బస్సు తప్పిపోతుందని తన బండి మీద బస్‌స్టాండ్ దాకా దింపేరు కూడాను.

నాలుగు వారాల్లో వస్తుందట. పిల్లకి కొత్త గౌను ఉమక్క కుట్టింది, చేతులు కాస్త పొడుగు పెట్టింది. వంద ఇస్తే ఎప్పట్లాగే సగం వెనక్కి తోసేసింది.

మీ దుర్గ


కువైట్
14 జులై 2024

దుర్గకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివేను. రెండోసారి చదివేక అన్నం సహించలేదు.

ఆ కొండబాబు ఎవరు? నా కేసు రోజుల్లో ఆ ఆఫీసులో అలాంటి పేరుగలవాడు లేడు. టీ ఎందుకు ఇప్పించేడు? ఆఫీసులో తాగేరా, బయట హోటల్లో తాగేరా? బండి మీద ఎక్కేవని రాసేవు, ఒకపక్కకి కూర్చున్నావా, అటూ ఇటూ కాళ్ళేసి కూర్చున్నావా? ఏ చీర కట్టుకెళ్ళేవు? పోయినసారి నేను తెచ్చిన నీలం జార్జెట్టు అయితే అది కోర్టుకి కట్టుకెళ్ళే చీర కాదు.

నాకు తెలుసు నువ్వు నవ్వుతావని. గదిలో మనిషి మీద మనిషి మంచం వేసుకుని పడుకునేవాడికి ఇలాంటివే తోస్తాయి. నేనిక్కడ పగలంతా ఇంకొకళ్ళ భార్యని బజారుకీ, ఇంకొకళ్ళ పిల్లల్ని బడికీ తిప్పుతుంటే, నా భార్యని ఎవడో బస్‌స్టాండ్‌కి తిప్పుతున్నాడు. ఇంక వాడి బండెక్కకు. ఆటోలున్నాయి.

ఇంకొక మాట. నకలు రాగానే కవరులో పెట్టి అంటించేసి కొరియరులో పంపెయ్యి. చదవక్కర్లేదు. ఇంగ్లీషులో ఉంటుంది, నీకు అనవసరమైన శ్రమ. కొండబాబుని కూడా చదవనివ్వకు.

తాతాజీ


మలికిపురం
6 ఆగస్టు 2024

తాతాజీ గారికి,

నకలు వచ్చింది. పదకొండు పేజీలు, ఆఖర్న గుండ్రటి ముద్ర. అది నా బీరువాలో ఉంది, అక్కడే ఉంటుంది. రెండు రోజులుగా మీ ఫోను ఎత్తడం లేదు, ఇంకా ఎత్తను. చెప్పాల్సింది కాగితం మీద రాయండి, మీకలవాటే కదా.

చదవకని మీరు రాయకపోతే నేను దాన్ని తెరిచేదాన్నే కాదు. ఇంటర్మీడియట్ పాసైనదాన్ని, ఆ మాత్రం ఇంగ్లీషు కూడబలుక్కోగలను. అన్నిటికంటే ముందు ఆఖరి పేజీ తిప్పేను. సాక్షుల పట్టీ అక్కడ ఉంటుందట. ఫిర్యాదు తరఫున పద్నాలుగు మంది. ముద్దాయిల తరఫున ఒక్కరే. ఒకటో డిఫెన్సు సాక్షి, ఉమామహేశ్వరి, వృత్తి కుట్టుపని, మలికిపురం.

మన పక్క వీధి ఉమక్క.

నాకు అర్థంకాని చోట్ల కొండబాబు గారిచేత చదివించుకున్నాను. అవును, ఆయనే వాక్యం వాక్యం విడమరిచి చెప్పేరు, మీరేం చేసుకుంటారో చేసుకోండి. గొడవ జరిగిన మధ్యాహ్నం పన్నెండున్నర నించి సాయంత్రం అయిదు దాకా రెండో ముద్దాయి, అంటే మీరు, ఉమామహేశ్వరి ఇంట్లో ఉన్నాడట. అన్నం తిన్నాడట. ఆవిడ తల్లి ఊళ్ళో లేదట, ఇంట్లో వాళ్ళిద్దరేనట. జడ్జి గారు రాసిన మాట కొండబాబు గారు మెల్లిగా చదివేరు: పెళ్ళికాని ఆడపిల్ల, తన పేరు పోతుందని తెలిసీ నిండు కోర్టులో ఈ మాట చెప్పింది, ఈమెకి అబద్ధమాడవలసిన అవసరం కనిపించడం లేదు. అందుకని సంశయలాభం కింద మిమ్మల్ని వదిలేసి, ఒకటో ముద్దాయికి ఏడేళ్ళు వేసేరు.

ఇంత పెద్ద సంగతి మలికిపురంలో అందరికీ తెలిసే ఉంటుంది. తెలియనిదాన్ని నేనొక్కదాన్నే. మీరు నన్ను చూడ్డానికొచ్చినప్పుడు మా నాన్నగారికి కోర్టు వదిలేసిందని చెప్పేరు, ఎవరు వదిలించేరో చెప్పలేదు.

పెళ్ళిలో మీవాళ్ళు పెట్టిన చీరకి జాకెట్టు కుట్టిందెవరు? ఆవిడే. సరిగ్గా సరిపోయిందని ఆ రోజు మురిసిపోయేను. నా జాకెట్లన్నీ ఆవిడే కుడుతుంది. నా నడుము ఏ ఏడాది ఎంత పెరిగిందో ఆవిడ పుస్తకంలో ఉంది. నేను వెళితే "కూర్చో దుర్గా, ఎండన పడి వచ్చేవు" అంటూ స్టూలు జరుపుతుంది. డబ్బు పూర్తిగా తీసుకోదు. మంచితనమనుకున్నాను. ఇప్పుడు బీరువా తెరిస్తే అన్నీ ఆవిడ చేతివే. నిన్న పుట్టింటినించి తెచ్చుకున్న పాత జాకెట్టు, హుక్కుల్లేనిది, పిన్నీసులు పెట్టుకుని తొడుక్కున్నాను.

సాక్షులు చెప్పింది మాట మాట తెలుగులో వేరే రాస్తారట. అందులో ఉమక్కది నకలు కావాలని ఇంకో అర్జీ పెట్టేను. ఇంకొన్నాళ్ళాగితే పాత కట్టలు తీసేస్తారట, మీది ఇంకా ఉంది. "కారణం ఏం రాయమంటారమ్మా?" అన్నారు కొండబాబు గారు. ఆయనే 'కేసు వివరాలు తెలుసుకొనుటకు' అని రాసేరు. నిజానికి ఆ గడిలో రాయాల్సింది కుళ్ళు అని. కుళ్ళుతో చచ్చిపోతున్నాను, అందుకు కావాలి.

అది చదివేదాకా మీ కాగితం కదలదు.

సాయిదుర్గ


కువైట్
20 ఆగస్టు 2024

దుర్గా,

నేను ఆ రోజు ఉమామహేశ్వరి ఇంటికి వెళ్ళలేదు. ఏ రోజూ వెళ్ళలేదు. ప్రియాంక మీద ఒట్టు.

ఆ మధ్యాహ్నం నేను మ్యాట్నీకి వెళ్ళేను. ఒక్కడినే. సినిమా బాగోలేక సగంలో నిద్రపోయేను. టిక్కెట్టు ముక్క పారేసేను. బయటికొచ్చేసరికి కొబ్బరి కొట్టు దగ్గర రక్తం, పోలీసులు. పొడిచినవాడితో పొద్దున్న నేనూ కలిసి టీ తాగేనని ఎవరో చెప్పేరు. అంతే, నేను రెండో ముద్దాయిని. హాల్లో నిద్రపోయినవాడికి సాక్షి ఎక్కడినించి వస్తాడు.

మూడేళ్ళు తిరిగేను. డిఫెన్సు సాక్షి అని పిలిచినప్పుడు, మా వకీలు గారు ఎవరినో తెచ్చేరనుకున్నాను. ఆ అమ్మాయి బోనెక్కి నా వైపు చూడకుండా ఆ మాటలు చెప్పింది. అంతకుముందు మా అమ్మ జాకెట్లు తెచ్చుకోడానికి రెండుసార్లు వాళ్ళ అరుగు దాకా వెళ్ళేనంతే. నేను అడగలేదు. తీర్పు రోజు కోర్టు మెట్ల మీద కనిపిస్తే దణ్ణం పెడదామనుకుని, అందరూ చూస్తున్నారని పెట్టలేదు. ఆమెకి వచ్చిన సంబంధం ఆ వారమే వెనక్కి పోయింది. ఆ మొహం చూడలేకే నెల తిరక్కుండా కువైట్ వచ్చేసేను. నువ్వడిగేవు కాబట్టి దాచకుండా రాసేను.

నీకు ముందే చెప్పాల్సింది. చెబితే నువ్వు నమ్మవని భయపడ్డాను. ఇప్పుడూ నమ్మడం లేదు కదా.

దుర్గా, సెప్టెంబరు ముప్పై దగ్గరికొచ్చేస్తోంది. నన్ను తర్వాత ఎన్ని తిట్లయినా తిట్టు, కాగితం పంపు. ఇక ఆ కొండబాబు నా పెళ్ళాన్ని పక్కన కూర్చోబెట్టుకుని నా కేసు చదివి వినిపించడం, అది నాకు ముప్పైయో తారీకు కంటే ఎక్కువ బాధగా ఉంది. రాయకూడదనుకున్నాను, రాసేసేను.

తాతాజీ


మలికిపురం
11 సెప్టెంబరు 2024

ఏవండీ,

ఈ ఉత్తరంతోపాటు తీర్పు నకలు పెట్టేను. ముద్ర మడత పడకుండా అట్ట పెట్టేను. ముందు అది తీసుకెళ్ళి ఇచ్చొచ్చి, అప్పుడు మిగతాది చదవండి.

ఉమక్క వాంగ్మూలం మొన్న వచ్చింది. రెండు పేజీలు, కింద ఆవిడ సంతకం. గవర్నమెంటు ప్లీడరు గారు ఎన్ని అడిగేరో. ప్రశ్నలు రాయరట, జవాబులే రాస్తారు. 'నాకు పెళ్ళి సంబంధాలు చూస్తున్నారు. ఈ సాక్ష్యం చెప్పిన తర్వాత రావని నాకు తెలుసు. ముద్దాయి మీద ఇష్టం వలన అబద్ధం చెబుతున్నాననుట నిజం కాదు.' ఈ వాక్యం దగ్గర నా కళ్ళు మండేయి. ఇంకో రెండు వాక్యాల కింద, 'ఆ రోజు మా ఇంట్లో పనసపొట్టు కూర వండితిని. ముద్దాయి రెండుసార్లు వడ్డించుకుని తినెను' అని ఉంది.

అక్కడ ఆగిపోయేను. మీరు, పనసపొట్టు. ఆవ పెట్టిన వాసన తగిలితేనే పళ్ళెం ముందునించి లేచిపోతారు. మన పెళ్ళైన ఏడాది తెలియక వండితే అత్తయ్య గారు గిన్నెతో సహా పక్కింటికి ఇచ్చేసేరు. జడ్జి గారికి తెలియదు, ప్లీడరు గారికి తెలియదు. మీరు ఆ ఇంట్లో అన్నం తినలేదని ఆ ఒక్క వాక్యంతో నాకు తెలిసిపోయింది. మీ ఒట్టు వల్ల కాదు.

నిజం చెబుతున్నాను, అప్పుడు నాకు గర్వమేసింది. మీరేం తింటారో కూడా ఆవిడకి తెలియదు, నాకు తెలుసు. ఆ కాగితం పట్టుకుని అలాగే వెళ్ళేను.

మిషను తొక్కుతోంది. స్టూలు జరిపింది. నేను కూర్చోలేదు. "ఉమక్కా, కోర్టులో పనసపొట్టు అని చెప్పేరటండీ" అన్నాను.

కాగితం చూసింది, తన సంతకం చూసుకుంది. "ఆయ్, చెప్పేను" అంది.

"ఆయన అది ముట్టరు."

మిషను ఆగింది. "నాకు తెలీదు దుర్గా. ఆ రోజు మా ఇంట్లో అదే కూర. ఏం వండేవని ప్లీడరు గారు గద్దించి అడిగేసరికి అదే నోటికొచ్చింది."

"అయితే ఆయన రాలేదు."

"మా గుమ్మం ఎప్పుడూ ఎక్కలేదు. సినిమా హాలు దగ్గర టిక్కెట్టు తీసుకుంటుంటే చూసేను. లోపలికెళ్ళడం కూడా చూసేను. అదే చెబుతానని వాళ్ళ వకీలు గారితో అన్నాను. టిక్కెట్టు తీసుకున్నవాడు గొడవ జరిగిన మూడింటిదాకా లోపలే ఉన్నాడని నీకెలా తెలుసమ్మా, అది చాలదన్నారు. రాత్రంతా ఆలోచించి, హాలు కాదు మా ఇల్లు అని నేనే వెళ్ళి చెప్పేను. చెయ్యనిదానికి మనిషి ఏడేళ్ళు లోపలికెళ్ళిపోతాడు కదా."

"ఇక్కడ ఇష్టం వల్ల కాదని ఉంది. అది నిజమేనా అండీ?"

చాలాసేపు సూదిలో దారం ఎక్కించుకుంది. "కోర్టులో చెప్పేను కదా, సంతకం కూడా పెట్టేను. ఇంక దానికి తిరుగు ఏం ఉంటుంది" అంది. తర్వాత ప్రియాంక గౌను చేతులు సరిపోయాయా అని అడిగింది.

ఇంటికొచ్చేసి పెరట్లో కూర్చుని ఏడ్చేను. మీరు ఆ ఇంటికి వెళ్ళి ఉంటే బాగుండేదండి. వెళ్ళి ఉంటే మీతో నాలుగు రోజులు దెబ్బలాడి, ఆవిడతో మాట మానేసి, హాయిగా ఉండేదాన్ని. మీరు వెళ్ళనేలేదు. ఒక పూట అన్నం కూడా తినని మనిషి కోసం ఆవిడ తన పేరు ఇచ్చేసింది. దానితో నేనెలా పోటీ పడను? పదకొండేళ్ళుగా మీ అమ్మని చూసుకుంటున్నాను, మీ పిల్లని పెంచుతున్నాను, అవన్నీ ఆవిడ చెప్పిన రెండు పేజీల ముందు ఆనడం లేదు. పైగా ఆవిడ మొహం చూడలేక కువైట్ వెళ్ళేనని రాసేరు. అంటే నేను మీరు లేకుండా గడిపిన ఏళ్ళు కూడా ఆవిడ లెక్కలోకే పోయాయి. నాకు కుళ్ళుగా ఉంది, ఈ ఉత్తరం రాస్తున్నప్పుడూ ఉంది, పోతుందని అనుకోను.

అందుకని ఒకటి చెబుతున్నాను, వినండి. ఆ ఉద్యోగం రాగానే మొదటి సెలవు మార్చిలో పెట్టండి. లేత పనసకాయ అప్పుడే దొరుకుతుంది. ఉమక్కకి చెప్పేను, వండుతుంది. మీరు ఆ గుమ్మం ఎక్కి, ఆవిడ ఇంట్లో కూర్చుని, ఆవ పెట్టిన పనసపొట్టు కూరతో అన్నం తినాలి. రెండుసార్లు వడ్డించుకుని తినాలి. ఊపిరి బిగబట్టుకునైనా సరే. కోర్టులో ఆవిడ అబద్ధం చెప్పిందన్నది నేను చచ్చేదాకా మోయలేను, ఆలస్యంగానైనా ఆ మాట నిజం కావాలి. పగటిపూట, వీధి తలుపులు తీసి ఉంచి, అందరూ చూస్తుండగా. నేను మీ పక్కనే కూర్చుంటాను. ఆవిడ మీకు వడ్డిస్తుంటే చూస్తాను, కుళ్ళుకుంటూనే చూస్తాను.

కొండబాబు గారికి అరవై ఆరేళ్ళు. పళ్ళు కట్టించుకున్నారు. మిమ్మల్ని కాస్త ఉడికిద్దామని చెప్పలేదు. నీలం చీరే కట్టుకెళ్ళేను.

మీ దుర్గ
(మూడో పక్షం)


కువైట్
13 అక్టోబరు 2024

దుర్గకి,

నకలు సెప్టెంబరు ఇరవై మూడున పెట్టేను, క్లియరెన్సు ఇరవై ఎనిమిదిన వచ్చింది. కంపెనీలో చేరేను. ఆ చీర సంగతి వచ్చేక మాట్లాడతాను.

చేరిన వారానికే మొదటి ఏడాది సెలవు అర్జీ ఇమ్మన్నారు. మార్చి అని రాసేను. కిందనే కారణం అని ఒక గడి ఉంది. అందరూ తల్లికి జబ్బనో, చెల్లెలి పెళ్ళనో రాస్తారు. నేను పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. పక్క మంచం కేరళ అతను ఏమిటి ఆలోచిస్తున్నావని అడిగేడు. చివరికి భోజనం అని రాసి సంతకం పెట్టేను.

మీ తాతాజీ